ప్రశ్న మిమ్మల్ని కాదన్నా

సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతురు రేష్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసి, అందులోని నీళ్లు పెరట్లో కరివేపాకు మొక్కకు పోసి, సీసా కడిగి బోర్లించడం మమత రోజూ చేసే నలభై పనుల్లో ఒకటి. పొద్దున తను నింపిన నీళ్లు నింపినట్టే తిరిగొస్తున్నాయని ఆమెకు చాలాకాలం తట్టలేదు. "నీళ్లు తాగల్ల పాపా" అనేది. "ఊఁ" అనేది పాప. అప్పటికే మమత చెయ్యి ఎసట్లో బియ్యం పోస్తూ ఉండేది. మనసేమో రాట్నం దగ్గర ఇంకా చుట్టాల్సిన పట్టుదారపు కండెల మీద ఉండేది. ఒక పని చేస్తూ తర్వాతి పనిని తలుచుకోవడం అలవాటైపోయిన మనిషికి, చేతిలో ఉన్న వస్తువు కూడా కనబడదు. అది కనబడటానికి జ్వరం రావాల్సి వచ్చింది.

పన్నెండేళ్ల పిల్లకు మూడు రోజులు చలిజ్వరం. పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. ధర్మవరంలోనే ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆమె పరీక్షలన్నీ చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "బడిలో బాత్రూముకు పోతావా?" అని అడిగింది. రేష్మ తల్లి వైపు చూసింది, నేల వైపు చూసింది.

"పోను."

"ఎందుకు?"

"కొత్తదానికి తాళం ఏసింటారు. పాతదానికి గడియ లేదు. నీళ్లు లేవు. మొగపిల్లోళ్లు రాళ్లేస్తారు. అందుకని నీళ్లు తాగం."

"తాగం అంటే? ఎవరెవరు?"

"ఆడపిల్లోళ్లం. ఎవురమూ తాగం. పెద్దమనుషులైన అక్కావాళ్లు ఆ దినాల్లో బడికే రారు."

డాక్టరు మందులు రాస్తూ తలెత్తకుండానే అంది. "ఆ బడిలో తల్లిదండ్రుల సంఘం లాంటిది ఏదైనా ఉందామ్మా? ఉంటే వాళ్లకు చెప్పండి."

మమత "చెప్తాను మేడం" అంది. బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక ఒళ్లంతా వేడెక్కింది, పిల్లకు కాదు, తనకు. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలు తనే. మూడేళ్లుగా తనే.

అది ఎట్లా జరిగిందంటే, కాలనీలో అందరూ ట్రస్టు బడి అని పిలిచే ఆ బడికి ఒక రూలుంది. సంఘానికి తల్లే అధ్యక్షత వహించాలి. మూడేళ్ల కిందట ఎవరి పేరు రాయాలా అని పెద్దలు ఆలోచిస్తుంటే వేణుగోపాల్ భార్య పేరు ఇచ్చేసి ఇంటికొచ్చాడు. "పేరుదేముండాది, నీది రాయించినా. మీటింగులకు నేను పోతా. నువ్వు పోయి ఏం మాట్లాడతావు, ఆడ అంతా మొగోళ్లుంటారు" అన్నాడు. అన్నట్టే పోయేవాడు. మీటింగు అయిన మర్నాడు మినిట్స్ పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో ఇంటికొచ్చేది. పొయ్యి ముందర నిలబడ్డ మమత చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, అతను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేది. ఒకసారి "ఏముండాది దీంట్లో?" అని అడిగింది కూడా. "ఏముంటాది? ఊరికే" అన్నాడు. అతనేమీ చెడ్డవాడు కాదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పొద్దు కుంకేదాకా నేసేవాడు, తాగడు, చెయ్యెత్తడు. కానీ ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి "మీ ఆమె ఏం చేస్తాదప్పా" అని అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే ఉంటాది" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని పక్కనే కూర్చుని ఆమె అతని మగ్గానికి కండెలు చుడుతూ ఉండేది. తెగిన పోగులు అతుకుతూ, జరీ చిక్కు విడదీస్తూ ఉండేది. రోజుకు ఆరేడు గంటలు. ఆ గంటలకు పేరు లేదు. అధ్యక్షురాలన్న పేరుకేమో గంటలు లేవు.

మర్నాడు పొద్దున పదింటికి, కండెలు చుట్టకుండా, మమత బడికి పోయింది.

అరవైకి దగ్గరపడుతున్న సుబ్బలక్ష్మమ్మ టీచరు పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చిపోతుంది. మమతది కూడా పుట్టినూరు పెనుకొండే కాబట్టి ఇద్దరికీ మాట కలుపుకోవడానికి ఒక వీధి పేరు చాలు. "మినిట్స్ బుక్కు చూడల్ల టీచర్" అని మమత అంటే, ఆమె కాసేపు ముఖంలోకి చూసి, బీరువా తెరిచి పుస్తకం, దాంతోబాటు పసుపు అట్ట ఉన్న సన్నని నియమావళి కూడా తీసి బల్ల మీద పెట్టింది. "మూడేండ్లకు ఇది మొదటిసారి ఎవరైనా అడగడం" అంది.

మమత ఏడో తరగతి గది వెనక బెంచీ మీద కూర్చుని చదివింది. పెండ్లయ్యాక, పిల్ల పుస్తకాలు తప్ప, ఏదన్నా మొదటి పేజీ నుంచి కూర్చుని చదవడం ఆమెకు అదే మొదలు. పదకొండు మీటింగులు, పదకొండు సంతకాలు. నాలుగో మీటింగు కింద రాసుంది: 'బాలికల మరుగుదొడ్లు పూర్తి వినియోగములో ఉన్నవని అధ్యక్షురాలు తనిఖీ చేసి సంతృప్తి వ్యక్తపరచిరి.' దాని కిందనే తన సంతకం, గుండ్రంగా, పెండ్లికి ముందు ప్రాక్టీసు చేసుకున్న అందమైన సంతకం. దాని పక్కన పసుపు మరక. ఆ పూట చారు పెడుతున్నట్టుంది. తను తనిఖీ చేసింది. తను సంతృప్తి వ్యక్తపరిచింది. ఆడపిల్లలందరూ గొంతు ఎండబెట్టుకుని కూర్చుంటే, వాళ్లకు అంతా బాగుందని తన చేత్తోనే రాసిచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కాసేపు తెలియలేదు. మొగుడి మీదా, రాసినవాడి మీదా, చదవకుండా సంతకం పెట్టిన తన వేళ్ల మీదా. తర్వాత నియమావళి తెరిచింది. పద్నాలుగో నియమం దగ్గర ఆగిపోయి, రెండుసార్లు చదివి, మూడోసారి పెదవులు కదుపుతూ చదివింది. అప్పుడు మొదలైంది గుండెల్లో ఆ దడ. భయం వల్ల వచ్చే దడ ఆమెకు బాగా తెలుసు. ఇది అది కాదు. చిన్నప్పుడు పెనుకొండ కొండెక్కి, చివరి మలుపు తిరిగి, కిందనున్న ఊరంతా ఒక్కసారి కళ్ల ముందుకొచ్చినప్పుడు కలిగేది. ముప్పై నాలుగేళ్ల వయసులో అది మళ్లీ వస్తుందని ఆమె అనుకోలేదు.

"నీళ్లెందుకు రావు టీచర్?" అని అడిగింది.

"పెద్ద పైపు వీధి చివర ఉంది. అక్కడ్నించి బడికి లైను వెయ్యాలంటే వార్డు కౌన్సిలరు మున్సిపాలిటీలో పట్టుబట్టి మంజూరు చేయించాలి. ట్రస్టు వాళ్లు కొత్త బాత్రూము గది కట్టి ఫోటోలు దిగారు. లైను కోసం అడిగినవాళ్లు లేరు" అని, గొంతు తగ్గించి, "ఇప్పుడు ఎలక్షన్లు కదా" అంది టీచరు.

ఆ ఎలక్షన్ల సంగతి చెప్పడానికే అన్నట్టు ట్రస్టు కార్యదర్శి వీరభద్రయ్య అప్పుడే లోపలికొచ్చాడు. ఆ వార్డు ఈసారి ఆడవాళ్లకు కేటాయించారు. పోటీలో ఇద్దరు నిలబడ్డారు. పట్టు వ్యాపారి తిమ్మరాజు భార్య సిద్దమ్మ ఒకరు, సిమెంటు అంగడి అనిల్ కుమార్ భార్య పద్మ ఒకరు. శనివారం ఒకరు, ఆదివారం ఒకరు బడికి వస్తారట. "మంచిదైంది నువ్వే వచ్చినావు. తల్లులందరికీ చెప్పమ్మా, శనివారం పచ్చ చీరలు, ఆదివారం ఎర్ర చీరలు. ఇంటికొక హారతి పళ్లెం. గేటు దగ్గర రెండు వరసలు నిలబడాల" అన్నాడు.

"సార్, వాళ్లొచ్చినప్పుడు నీళ్ల లైను సంగతి అడగొచ్చా?"

వీరభద్రయ్య నవ్వాడు. పెద్దవాళ్లు పిల్లల మాటకు నవ్వినట్టు. "మనది లాభాపేక్ష లేని సంస్థ తల్లీ. మన సంఘం రాజకీయాలు మాట్లాడకూడదు. రిజిస్ట్రేషన్ పోతాది."

"హారతి పట్టొచ్చా?"

"అది మర్యాద."

మమత పసుపు అట్ట పుస్తకం చేతిలో పట్టుకునే బయటికొచ్చింది.

ఇంట్లో ఆ సాయంత్రం మాట పెరిగింది. మగ్గం ఆపి వేణుగోపాల్ విన్నాడు. వినేకొద్దీ అతని మెడ ఎర్రబడింది. "దొడ్డి సంగతి పోయి నలుగురి ముందర అడుగుతావా? మానం పోతాది."

"పాపకు జ్వరమొచ్చింది దాని వల్లనే."

"మందులు తెచ్చినాం గదా. తిమ్మరాజన్న ఈ మగ్గానికి పట్టిస్తాండాడు. హిందూపురం పోయి పట్టుగూళ్లు కొని, పోగు తీయించి, మన గుమ్మంలోకి తెచ్చి ఏస్తాండాడు. వాళ్ల ఆమెను నిలబెట్టి నువ్వు ప్రశ్నలడిగితే రేపు పట్టు ఇస్తాడా? మగ్గం ఖాళీ పెట్టుకుని ఏం చేద్దాం చెప్పు."

ఆ భయం ఉత్తది కాదని మమతకూ తెలుసు. గోడకానుకుని తమలపాకులు తుడుస్తున్న తల్లి రామాంజినమ్మ వైపు చూశాడు వేణుగోపాల్, ఆమె తన పక్షాన ఒక మాట అంటుందని. పద్నాలుగేళ్లుగా అంటూనే ఉంది ఆమె. 'మా కాలంలో ఇట్ల ల్యాదు', 'ఆడదానికి అంత గొంతెందుకు', 'సర్దుకుపోవల్ల'. మమతకు ఆ మాటలన్నీ నోటికి వచ్చు. ఈసారి ఏది వస్తుందా అని ఎదురుచూసింది.

రామాంజినమ్మ ఆకులు పక్కన పెట్టింది. "నీకు పదేండ్లొచ్చేదాంకా ఈ ఇంట్లో దొడ్డి లేదురా. చీకటి పడితే తప్ప బయటికి పోయేదానికి లేదు. మధ్యాన్నం మీద నేను నీళ్లు తాగేదాన్ని కాదు. కాపరానికొచ్చినప్పట్నించీ పదారేండ్లు. మీ నాయనకు తెలీదు. నీకూ తెలీదు" అంది. మమత వైపు చెయ్యి చూపించింది. "ఎవురూ అడగలేదు. పోనీ దాన్ని."

మమత అత్త ముఖంలోకి చూసింది. పద్నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఒకరి కాళ్లకు ఒకరు నూనె రాసి, ఒకరి మీద ఒకరు గొణుక్కుని, ఈ సంగతి ఆమె చెప్పలేదు, తను అడగలేదు. అత్త మళ్లీ ఆకులు అందుకుంది, ఏమీ జరగనట్టు.

మర్నాటి మధ్యాహ్నం మమత ఇంటి అరుగు మీదా, మెట్ల మీదా, వీధిలో పరిచిన చాప మీదా తల్లులు చేరారు. కొందరు కండెల బుట్టలతోనే వచ్చారు. ఊరి అంచు నుంచి గొర్రెలు కాసే చౌడమ్మ వచ్చింది. ఆమె మనవరాలు అయిదో తరగతి. మమత పుస్తకం తెరిచి పద్నాలుగో నియమం గట్టిగా చదివింది. 'సంఘము ఏ రాజకీయ పార్టీకి గాని, ఏ అభ్యర్థికి గాని మద్దతు తెలుపరాదు, స్వాగత సత్కారములు చేయరాదు. అయితే విద్యార్థుల క్షేమమునకు సంబంధించిన విషయములను ప్రజాప్రతినిధుల దృష్టికి తెచ్చుట, వారి సమాధానము కోరుట సంఘము బాధ్యత.'

"తెలుగులో చెప్పు మమతా" అంది చౌడమ్మ.

"హారతి పట్టకూడదంట. ప్రశ్న అడగల్లంట."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మెట్ల మీది నుంచి చాప మీదికి పాకి అందరినీ అంటుకుంది. ఇన్నాళ్లూ ఏది తప్పని వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టారో అదే వాళ్ల పని అని, ఏది మర్యాద అని గేటు దగ్గర నిలబెట్టారో అదే తప్పు అని, అచ్చులో ఉంది. ఆ తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకరిని పిలిచి ఒకరిని వదిలితే పక్షపాతం అవుతుంది, ఇద్దరినీ ఒకే దినం పిలవాల. ఇద్దరికీ అవే ప్రశ్నలు. చీరలు ఎవరికిష్టమైనవి వాళ్లు. ప్రశ్నలు ఎన్ని? ఒకామె బస్సు సంగతి అంది, ఒకామె కుక్కల సంగతి అంది, ఇంకొకామె మొగుడి సంగతి చెప్పబోయి ఆగింది. చివరికి మూడుకు తెచ్చారు. నీళ్ల లైను ఎన్ని దినాల్లో వేయిస్తారు. పాతదానికి తలుపు, గడియ ఎవరు పెట్టిస్తారు. మూడోది చౌడమ్మ చెప్పింది. "జవాబు వాళ్లే చెప్పల్ల. మొగుడు గాదు." అది ప్రశ్న కాదు కదా అని ఎవరో అంటే, "దాన్నే ముందు రాయి" అంది.

మమత రేష్మ నోటుపుస్తకంలోంచి కాగితం చింపి రాసింది. నలభై మూడు మంది సంతకాలు, వాటిలో తొమ్మిది వేలిముద్రలు. అక్షరం ఈసారి గుండ్రంగా రాలేదు, పరుగెత్తినట్టు వచ్చింది.

పద్మ ఇంట్లో పిలుపు తీసుకున్నది అనిల్ కుమారే. "పంపిస్తాం, పంపిస్తాం" అన్నాడు, సామాను సంగతి చెప్పినట్టు. తర్వాత మమత ఒక్కతే తిమ్మరాజు ఇంటికి పోయింది. హాల్లో పదిమంది జెండాలు కట్టుకుంటున్నారు. తిమ్మరాజు కాగితం చదివి, "ఏమ్మా, వేణు భార్యవు గదా నువ్వు? వేణుకు తెలుసునా ఈ సంగతి?" అని అడిగాడు.

"తెలుసన్నా."

"సరే, మేం వస్తాంలే. మా ఆమెకు ఇట్లాంటివి తెలీదు, నేను మాట్లాడతా."

"పిలుపు అక్క పేరు మీద ఉండాదన్నా. అక్కకిచ్చి పోతా."

అతను చెయ్యి ఊపాడు, లోపలుంది పో అన్నట్టు. వంటింట్లో రెండు పొయ్యిల మధ్య సిద్దమ్మ నిలబడి ఉంది. గోడల మీద, ఆటోల మీద, కరెంటు స్తంభాల మీద దండం పెడుతూ నవ్వుతున్న ఆ ముఖమే, ఇక్కడ చెమటతో, చేతులకు పిండితో, ప్రచారానికి పోయేవాళ్లకు వడలు కాలుస్తోంది. ఓట్లడిగేది ఆమె పేరు మీద. ఆమెకేమో ఊర్లోకి పోయేందుకు తీరిక లేదు. మమతకు ఆ క్షణంలో ఆమె మీద ఎంత దగ్గరితనం కలిగిందంటే, తను వచ్చిన పని మర్చిపోయి జల్లిగంటె అందుకోబోయింది. సిద్దమ్మ చేతులు కడుక్కుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని నిదానంగా చదివింది. "మొగుడు గాదు" అన్న చోట ఆమె కళ్లు ఆగాయి.

"నేను తప్పు చెప్తే నవ్వుతారేమో" అంది మెల్లగా.

"మేమూ ఎప్పుడూ అడగలేదక్కా. మేమూ తప్పు అడుగుతామేమో."

సిద్దమ్మ కాగితం మడిచి, పిండి అంటకుండా, రవికలో పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బడి ఆవరణ నిండిపోయింది. వీరభద్రయ్య మొదట గేటు తెరవనన్నాడు. మమత పద్నాలుగో నియమం చూపిస్తే, సుబ్బలక్ష్మమ్మ టీచరు సెలవు దినమైనా పెనుకొండ నుంచి వచ్చి పక్కన నిలబడితే, చివరికి ఒక షరతు పెట్టి తెరిచాడు. అధ్యక్షత వేణుగోపాల్ వహించాలి. అందుకే మమత తల్లులతో లోపలికొచ్చేసరికి మధ్య కుర్చీలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆమె భర్త కూర్చుని ఉన్నాడు.

ఆమె దగ్గరికి పోయి, అతనికి మాత్రమే వినబడేట్టు, "లెయ్" అంది.

అతను ఆమెను చూశాడు. ఆమె వెనక నిలబడ్డ తన తల్లిని చూశాడు. లేచాడు. నాలుగడుగులు వేసి మగవాళ్ల చాప మీద చివర కూర్చున్నాడు. ఆ నాలుగడుగులు చూస్తే ఆమెకు జాలేసింది. అయినా కుర్చీలో కూర్చుంది. ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు కొంచెం వంకర. అందులోంచి చూస్తే ఆవరణ అంతా కనబడుతోంది. ముందు వరసలో పిల్లలు, వెనక చాపల మీద, గోడల మీద, చెట్ల కింద, నూరు మందికి పైగా ఆడవాళ్లు. అన్ని రంగుల చీరలు.

అభ్యర్థులకు రెండే కుర్చీలు వేశారు. సిద్దమ్మ, పద్మ కూర్చున్నారు. భర్తలిద్దరూ వాళ్ల వెనక నిలబడ్డారు, తోలుబొమ్మలు ఆడించేవాళ్లలా కాదు కానీ, పరీక్ష హాల్లో అందించడానికి వచ్చినవాళ్లలా. మమత లేచి నిలబడింది. కాగితం చూసింది. అక్షరాలు ఆడుతున్నాయి. కాగితం దించేసి, రేష్మను చూస్తూ చెప్పింది.

"మా పిల్లలు బడిలో నీళ్లు తాగరు. దొడ్డికి పోవల్సి వస్తాదని తాగరు. నా కూతురికి జ్వరమొచ్చేదాంకా నాకు తెలీలేదు. అంతా బాగుండాదని ఈ సంఘం తరఫున సంతకం పెట్టింది నేనే. ఆ తప్పు నాది. ఇప్పుడు అడుగుతాండా. మీరు గెలిస్తే ఎన్ని దినాల్లో నీళ్ల లైను వేయిస్తారు?"

మగవాళ్ల చాప మీద కొందరు తలలు దించుకున్నారు. తిమ్మరాజు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, మా పార్టీ మొదటి నుంచీ ఆడబిడ్డల సంక్షేమం కోసం..."

"ప్రశ్న మిమ్మల్ని కాదన్నా" అంది మమత.

ఆ మాట తనే అన్నదని ఆమెకు ఒక క్షణం తర్వాత తెలిసింది. మగ్గానికి పట్టు ఇచ్చే మనిషి అతను. వేణుగోపాల్ కళ్లు మూసుకున్నాడు. తిమ్మరాజు నోరు తెరిచి, మూసి, నవ్వడానికి ప్రయత్నించి, చుట్టూ చూశాడు. ఎవరూ తిరిగి నవ్వలేదు.

సిద్దమ్మ లేచింది. "ఆ గది యాడుండాది? ముందు చూపీ" అంది.

పద్మ కూడా లేచింది. ఆ వెనక తల్లులు లేచారు. ఆవరణ మొత్తం ఆడవాళ్లు బడి వెనక్కి నడుస్తుంటే, చాప మీద మగవాళ్లు మాత్రం మిగిలారు, ఎటు చూడాలో తెలియకుండా. కొత్త గదికి తాళం వేలాడుతోంది. వీరభద్రయ్య "తాళం చెవి యాడ పెట్టినానో" అని తడుముకున్నాడు.

"జేబులో గలగలమంటాండాది సార్" అంది చౌడమ్మ.

తలుపు తెరుచుకుంది. తెల్లని టైల్సు, ఇంకా కంపెనీ స్టిక్కర్లు ఊడలేదు. లోపల అడుగు పెట్టడానికి లేదు. చుట్టిన ఫ్లెక్సీలు, స్వాగత తోరణం ఇనుప చట్రాలు, వార్షికోత్సవం థర్మాకోల్ అక్షరాలు నిలువునా నింపేశారు. పైనున్న ఫ్లెక్సీ కొస విప్పి చూస్తే, అది ఆ మరుగుదొడ్ల ప్రారంభోత్సవానిదే. సిద్దమ్మ వాటిని పక్కకు తోసి, కుళాయి దాకా పోయి తిప్పింది. కుళాయి ఒక్కసారి గాలి వదిలి ఊరుకుంది.

ఆమె బయటికొచ్చి, చేతులు దులుపుకుని, మొదటిసారి అందరికీ వినబడేట్టు మాట్లాడింది. "పదైదు దినాలుగా మా ఇంట్లో నలభై మందికి టిఫిన్లు చేస్తాండా. ఏం చెప్పి ఓట్లడగల్లని నన్ను ఎవురూ అడగలేదు. ఇది చెప్పి అడుగుతా. గెలిస్తే నెల దినాల్లో లైను ఏయిస్తా."

"నేను ఇరవై అయిదు దినాల్లో ఏయిస్తా" అంది పద్మ, వెంటనే. అనేసి భర్త వైపు చూడలేదు కూడా.

"గడియ రేపే పెట్టిస్తా" అంది సిద్దమ్మ.

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మమత ఒకే కాగితం మీద రెండు మాటలూ రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది. పద్మ సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదివింది. అది చూసి మమత మనసు ఎగిరి గంతేసింది. ఆ దినం ఇంటికి పోతుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. రేష్మ చెయ్యి పట్టుకుని దాదాపు పరుగెత్తింది. వంట చేయలేదు. రామాంజినమ్మ బొరుగుల ఉగ్గాణి చేసిపెడితే, వేణుగోపాల్ అదే తిన్నాడు.

మంగళవారం తిమ్మరాజు మనిషి వచ్చి, ఈ వారం పట్టు లేదని చెప్పిపోయాడు. మరుసటి వారం కూడా లేదు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. వేణుగోపాల్ మాట తూలలేదు. మాట తూలి ఉంటేనే బాగుండేదనిపించింది మమతకు. అతను పెరట్లో కూర్చుని మగ్గం నాడెలకు నూనె రాసి, తుడిచి, మళ్లీ రాశాడు. మూడో రోజు ఆమె పక్కన వచ్చి కూర్చుని, "నువ్వు అడిగింది తప్పని నేనను. భయమేస్తాండాది, అంతే" అన్నాడు. "నాకూ ఏస్తాండాది" అంది ఆమె. పద్నాలుగేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ ఒకరి భయం ఒకరికి చెప్పుకోవడం అదే మొదలు.

ఎలక్షన్లు అయ్యాయి. పద్మ ముప్పై ఎనిమిది ఓట్లతో గెలిచింది. గెలిచిన ఇరవై నాలుగో దినం పొద్దున వీధి చివర తవ్వడం మొదలుపెట్టారు. ఇరవై ఆరో దినం బడిలో కుళాయికి నీళ్లొచ్చాయి. మాట కంటే ఒక్క దినం ఆలస్యమైందని చౌడమ్మ కౌన్సిలరు ముందే అంది. పద్మ "అవునవ్వా" అని ఒప్పుకుంది. నీళ్లు చూడటానికి ఓడిపోయిన సిద్దమ్మ కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండా. ఆ సాయంత్రమే ఇంటికి ఫోనొచ్చింది. వేణుగోపాల్ ఎత్తితే, "మమతకియ్యి" అంది అవతలి గొంతు.

"రేపు వచ్చి పట్టు తీసుకపో. నువ్వే రా. పట్టు లెక్క రాసేది నీ పేరు మీదనే. మా ఆయనకు చెప్పినా" అంది సిద్దమ్మ, అంతే చెప్పి పెట్టేసింది.

ఫోను దించి మమత సంగతి చెప్పింది. వేణుగోపాల్ ముఖం విప్పారింది. మగ్గం దగ్గరికి పోయి గుడ్డ తీసి దుమ్ము దులిపాడు. ఇన్ని దినాలుగా అతన్ని తొలుస్తున్న మాట అప్పుడు బయటికొచ్చింది. ఇంతకు ముందు ప్రతి ఎలక్షన్లో, ఇంటి నుంచి పోలింగు బూతు దాకా నడిచే దారిలో, ఏ గుర్తుకు వేయాలో అతనే చెప్పేవాడు. ఈసారి ఆ దారి పొడవునా ఆడవాళ్లు అతని మాట వినబడనంతగా మాట్లాడుకుంటూ నడిచారు.

"అయితే నువ్వు సిద్దమ్మకే ఏసింటావు, గదా?" అన్నాడు.

మమత రాట్నం ముందుకు లాక్కుని కూర్చుంది.

"లేకపోతే పద్మకేసినావా? నాకు చెప్పేదానికేముండాది?"

"చెప్పను" అంది మమత.

అతను కాసేపు ఆమెనే చూసి, నవ్వాలో కోప్పడాలో తెలియక, తల్లి వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా, నువ్వెవురికేసినావు?"

రామాంజినమ్మ ఆకుకు సున్నం రాస్తూ తలెత్తలేదు.

"నేనూ చెప్పనురా."